టీ తాగొచ్చినా తెరుచుకోని లాప్‌టాప్

పాఠకుల ప్రశ్నలు, పర్లాకిమిడి రిపేరు కొట్టు నుంచి జవాబులు

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. మాది గుణుపూరు. ఇంట్లోనే చిన్న డీటీపీ పని చేస్తాను. పెళ్లికార్డులు, కరపత్రాలు తెలుగులో, దరఖాస్తులు, అఫిడవిట్లు ఒడియాలో. లాప్‌టాప్ 2016లో మావారు కొన్నది. ఐ3-5005యూ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పొద్దున్న ఆన్ చేసి, టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఏడు నిమిషాలు లెక్కపెట్టాను. ఈమధ్య లోపల్నుంచి అప్పుడప్పుడు టక్ టక్ మని చప్పుడు కూడా. ఒక షాపులో చూపిస్తే పారేసి కొత్తది కొనుక్కోమన్నారు. మా తమ్ముడు ఐ7 ప్రాసెసర్ వేయిస్తే పరిగెడుతుందంటాడు. ఇంకొకరు ర్యామ్ 16 చేయమన్నారు. నా చేతిలో ఆరు వేలున్నాయి. ఏం చేయమంటారు?

– ఒక చెల్లెలు, గుణుపూరు

జవాబు: చెల్లెమ్మా, ఆరు వేలూ బీరువాలోనే ఉంచి, ముందు ఆ టక్ టక్ సంగతి చూద్దాం. మీరు ఉత్తరం చివర్లో, ఏదో మాటవరసకి రాసినట్టు రాశారు గానీ, నాకు మొదట కనబడింది అదే. హార్డ్ డిస్క్ లోపల రేకు తిరుగుతుంటుంది, దాని మీద సన్నటి ముల్లు అటూ ఇటూ పోతూ చదువుతుంటుంది. చదవాల్సిన చోట చదవలేక ముల్లు వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ చప్పుడు వస్తుంది. అంటే మీ డిస్క్ పోవడానికి సిద్ధంగా ఉంది. రేపా, ఆర్నెల్లకా అన్నది ఎవరూ చెప్పలేరు. ఈ పేజీ చదవడం అయిపోగానే లాప్‌టాప్ తెరిచి, మీ పెళ్లికార్డుల ఫైళ్లు, కస్టమర్ల కాగితాలు, పిల్లల ఫొటోలు ఇంకో డిస్క్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కించేయండి. బాగుచేయడం ఆ తర్వాత.

ఇక మీ అసలు ప్రశ్న. ఏది మార్చాలని ముగ్గుర్ని అడిగారు, ముగ్గురూ మూడు చెప్పారు. ఏది ఆగిపోతోందని లాప్‌టాప్‌నే అడిగితే ఒకటే చెబుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో సీపీయూ (అంటే ప్రాసెసర్), మెమరీ (అంటే ర్యామ్), డిస్క్ అని మూడు గళ్లు కనబడతాయి. ఆన్ చేసిన ఆ ఏడు నిమిషాల్లోనూ వాటిని చూడండి. మీది డిస్క్ గడి 100 శాతం దగ్గర బిగుసుకుని ఉంటుందని, సీపీయూ ఇరవై ముప్పై దగ్గర ఖాళీగా కూర్చుంటుందని చూడకుండానే చెప్పగలను. ఈ కాలపు లాప్‌టాప్‌లు నా బల్ల మీదకి చాలా వచ్చాయి, దాదాపు అన్నిటిదీ అదే కథ.

ఎందుకంటే, లాప్‌టాప్‌లో వేసే మామూలు హార్డ్ డిస్క్ నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. సెకనుకి 90. ఒక్క చుట్టుకి 11 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క ముల్లు కిందకి వచ్చేదాకా సగటున అందులో సగం ఆగాలి, ముల్లు కదలడానికి పట్టే సమయం దానికి అదనం. ఈ లెక్కన సెకనుకి వంద చిన్న ఫైళ్లు చదివితే గొప్ప. విండోస్ లేచేటప్పుడు అలాంటివి వేలల్లో అడుగుతుంది. హార్డ్ డిస్క్‌కి బదులు చిప్పులతో చేసిన డిస్క్ వేస్తారు, దాన్ని ఎస్ఎస్‌డీ అంటారు. అందులో తిరిగేది లేదు, ముల్లు లేదు. అడిగిన ముక్క ఎక్కడున్నా మిల్లీసెకనులో పదోవంతు లోపే ఇస్తుంది. పెద్ద ఫైలు ఒకటే కాపీ చేస్తే తేడా ఐదారు రెట్లు కనబడుతుంది. చిన్నచిన్నవి వేలకొద్దీ చదివేటప్పుడు తేడా వందల రెట్లు. మీ ఏడు నిమిషాలు అక్కడే పోతున్నాయి.

మీ తమ్ముడి ఐ7 గురించి. కుర్రాడి ఉత్సాహం మంచిదే, కానీ మీ ప్రాసెసర్ పేరు చివర 'యూ' ఉంది చూశారా, ఆ రకం మదర్‌బోర్డుకి అడుగున టంకం వేసి అతికించేసి ఉంటుంది. ఊడదీసి ఇంకోటి పెట్టే సాకెట్ లేదు. ఒకవేళ ఉన్నా ఉపయోగం తక్కువే. మన నౌపడా–గుణుపూరు లైను గుర్తుందా? 2011లో గుణుపూరు దాకా బ్రాడ్‌గేజ్ పడకముందు రెండున్నర అడుగుల సన్నపట్టాల మీద చిన్న బండి తిరిగేది. ఆ పట్టాల మీద ఎంత బలమైన ఇంజను తెచ్చిపెడితే మాత్రం ఏం లాభం? ముందు పట్టా మార్చాలి. మీకు పట్టా అంటే డిస్కే.

కాబట్టి కొనాల్సింది రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ, అంటే మీ పాత డిస్క్ ఉన్న చోటే, అదే కనెక్టరుకి తగిలేది. 480 జీబీ కాదు, 500 గానీ 512 గానీ అడిగి తీసుకోండి. ఎందుకో కింద చెబుతాను. మీ పాత డిస్క్ మందం 9.5 మిల్లీమీటర్లు ఉండొచ్చు, కొత్తది 7 ఉంటుంది. లోపల లొటలొటలాడకుండా సన్నటి ప్లాస్టిక్ ఫ్రేము ఒకటి వేయాలి. కొట్టువాడు మర్చిపోతే మీరు గుర్తుచేయండి. పాత డిస్క్ చుట్టూ ఉన్న రేకు బిగింపు ఊడదీసి కొత్తదానికి వేయాలి. అది పారేస్తే మళ్లీ దొరకదు.

"ఎన్‌వీఎంఈ తీసుకోండి, ఇంకా స్పీడు" అని ఎవరైనా ఇంకో రకం ఎస్ఎస్‌డీ పేరు చెబితే వినకండి. ఇలాంటి సలహా నేనే ఒకసారి నాకు ఇచ్చుకున్నాను. ఒకాయన లాప్‌టాప్ విప్పితే లోపల ఎం.2 స్లాట్, అంటే చీటీలాంటి సన్నటి ఎస్ఎస్‌డీ దూర్చే గాడి, కనబడింది. కొలత సరిపోయింది కదా అని బరంపురం నుంచి ఎన్‌వీఎంఈ తెప్పించాను. దూర్చాను, స్క్రూ బిగించాను, ఆన్ చేస్తే అలాంటి డిస్కే లేదంది. ఆ స్లాట్ సాటా రకానికి మాత్రమే పనిచేస్తుంది, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. మాన్యువల్ ఒక్క పేజీ తిప్పితే తెలిసేది. ఆ ముక్క ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది, సొరుగు తీసినప్పుడల్లా పలకరిస్తుంది.

ఇప్పుడు అసలు కష్టం. ఎస్ఎస్‌డీ వేయగానే ఏ షాపువాడైనా "విండోస్ ఫ్రెష్‌గా వేసేస్తానమ్మా" అంటాడు. మామూలు ఇంటికి అదే మంచి సలహా. మీకు మాత్రం వద్దు. మీ లాప్‌టాప్‌లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఉంటుంది, తెలుగుకి అను ఫాంట్లు ఉంటాయి, ఒడియాకి ఆకృతి ఉంటుంది. అవి ఎవరు, ఎప్పుడు, ఏ సీడీతో వేశారో మీకే గుర్తుండదు. విండోస్ కొత్తగా వేస్తే అవన్నీ పోతాయి, పాత పెళ్లికార్డు ఫైలు తెరవగానే 'శ్రీరస్తు శుభమస్తు' ఉండాల్సిన చోట అర్థంకాని ఇంగ్లీషు గుర్తులు బారులు తీరతాయి. లగ్నాల సీజన్‌లో ఆ పని పెట్టుకోకండి. అందుకని క్లోన్ చేయించండి. పాత డిస్క్‌లో ఉన్నది ఉన్నట్టు కొత్తదానిలోకి దిగుతుంది, ఫాంట్లు, సెట్టింగులు, డెస్క్‌టాప్ మీది బొమ్మలతో సహా. యూఎస్‌బీకి తగిలించే సాటా కేబుల్ ఒకటి చాలు. 500 జీబీ తీసుకోమన్నది ఇందుకే. కొత్త డిస్క్ పాతదానికన్నా చిన్నదైతే క్లోనిజిల్లా లాంటి ఉచిత ప్రోగ్రాములు మొరాయిస్తాయి, ముందు పాత డిస్క్‌లోని పార్టిషన్ (అందులో చేసిన భాగం) కుదించాలి. అది తెలిసినవాళ్లకి పని, తెలియనివాళ్లకి ప్రమాదం.

మీ డిస్క్ ఇప్పటికే టక్ టక్ మంటోంది గనుక క్లోన్ మధ్యలో ఆగిపోయే అవకాశముంది. అప్పుడు విధిలేక ఫ్రెష్ విండోసే. ఆ రోజు కోసం, ఈ వారంలోనే, ఫాంట్ల ఫోల్డరూ, ఆ ప్రోగ్రాములు వేసిన సెటప్ ఫైళ్లూ ఎక్కడైనా ఉంటే అవీ, బయటికి కాపీ చేసి పెట్టుకోండి. క్లోన్ అయ్యాక బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు లేచే సెట్టింగుల్లో, డిస్క్ మోడ్ ఎలా ఉన్నది అలాగే ఉంచమనండి. దాన్ని మార్చితే విండోస్ లేవదు. కొత్త డిస్క్‌తో పని సాఫీగా సాగినా, పాతదాన్ని నెల రోజులపాటు చెరపకుండా దాచండి.

ర్యామ్, అంటే తెరిచి ఉన్న పనులు పెట్టుకునే చోటు, దాని విషయానికొస్తాను. ఇక్కడో మాట. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది, వాడుక మాట వదిలి పుస్తకం మాట రాస్తే ఊరికి మచ్చ. అందుకే ర్యామ్‌ని ర్యామ్ అనే అంటున్నాను. ఈ శీర్షికలో 'తాత్కాలిక స్మృతి' అని రాయమని ఒక మాస్టారు ఉత్తరం రాశారు, ఆయనకి ఇదే జవాబు.

మీకు 16 అక్కర్లేదు. 8 చాలు. 4 జీబీలో విండోస్ తన వాటా తీసుకున్నాక మీకు మిగిలేది ఏ రెండో. అందులో బ్రౌజర్‌లో దరఖాస్తు తెరిచి, పక్కన పేజ్‌మేకర్ పెట్టగానే నిండిపోతుంది. నిండగానే విండోస్ మిగతాది డిస్క్ మీద దింపుతుంది, డిస్క్ ఎలాంటిదో చెప్పుకున్నాం. కొనేటప్పుడు పాత ర్యామ్ ఊడదీసి, దాని మీది కాగితం చదవండి. మీ ప్రాసెసర్‌కి కావలసింది డీడీఆర్3ఎల్. కాగితం మీద పీసీ3ఎల్ అని ఉంటుంది. ఆ 'ఎల్' చాలా ముఖ్యం. అది 1.35 వోల్టులది. 'ఎల్' లేని డీడీఆర్3 1.5 వోల్టులది, అదే గాడిలో చక్కగా కూర్చుంటుంది, కానీ తెర నల్లగానే ఉంటుంది. డీడీఆర్4 అయితే కోత వేరేచోట ఉంటుంది, దూరనే దూరదు, ఆ బాధ లేదు. టాస్క్ మేనేజర్‌లో పైన 'పెర్ఫార్మెన్స్' నొక్కి, అందులో మెమరీ నొక్కితే ఎన్ని స్లాట్లున్నాయో, ఎన్ని వాడుతున్నారో కింద రాసి ఉంటుంది. ఒక స్లాట్ ఖాళీ ఉంటే ఇంకో 4 జీబీ చేర్చితే పని తీరుతుంది.

ఆరు వేలలో రెండూ వస్తాయా అంటే, ఇప్పుడు ధరలు ఒక చోట నిలవడం లేదు. రాకపోతే ఎస్ఎస్‌డీ ముందు, ర్యామ్ వచ్చే ముహూర్తాలకి. విప్పినప్పుడు ఎలాగూ ఫ్యాను దుమ్ము దులిపించి, ప్రాసెసర్ మీద వేడి లాగడానికి రాసిన, ఎండిపోయిన పేస్టు తీసి కొత్తది రాయించండి. తొమ్మిదేళ్లు దాటిన మిషన్‌లో ఫ్యాను రెక్కల వెనక దూది పరుపు తయారై ఉంటుంది. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. కుర్రాడెవడైనా స్క్రూలు ఒకే గిన్నెలో పోస్తుంటే మాత్రం ఆపండి. పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగిస్తే అది బోర్డులోకి దిగుతుంది.

విండోస్ 11 అడగలేదు గానీ అడుగుతారు. మీ ప్రాసెసర్ ఐదో తరంది, మైక్రోసాఫ్ట్ ఒప్పుకునేది ఇంటెల్ ఎనిమిదో తరం నుంచి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. నమోదు చేసుకున్న ఇంటివాడకందార్లకి భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా ఇస్తామన్నారు. ఆ తర్వాత ఈ విండోస్‌ని పేజ్‌మేకర్‌కి మాత్రం ఉంచి, నెట్ పనులకి పక్కనే విండోస్‌కి బదులుగా వాడే లైనక్స్ మింట్ వేయించుకోవడం నా సలహా. అందులో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంటుంది. తెలుగు 'క' ఏ మీటలో ఉందో ఒడియా 'క' కూడా అదే మీటలో ఉంటుంది. రెండు భాషల్లో కొట్టే మీలాంటివాళ్లకి వారం రోజుల్లో చేతికి వస్తుంది. అను, ఆకృతి మాత్రం విండోస్‌లోనే.

ప్రశ్న: మాది జయపురం, బీటెక్ చదువుతున్నాను. ఐ5-8250యూ, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, ఎస్ఎస్‌డీ ఉంది. గేములు ఆగి ఆగి నడుస్తున్నాయి. గ్రాఫిక్స్ కార్డు వేయించవచ్చా?

జవాబు: వేయించలేం బాబూ, లాప్‌టాప్‌లో దానికి చోటు లేదు. కానీ ఒక స్లాట్ ఖాళీ ఉంటే అలాంటిదే ఇంకో 8 జీబీ డీడీఆర్4 స్టిక్ వేసి చూడు. నీ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ర్యామ్ నుంచే అప్పు తెచ్చుకుంటుంది. రెండు స్టిక్కులుంటే రెండు దారుల్లో తెచ్చుకుంటుంది. చిన్న గేముల్లో తేడా కళ్లకే తెలుస్తుంది. పెద్ద గేములు ఇందులో ఆడవు. పరీక్షలయ్యాక మాట్లాడదాం.

ప్రశ్న: రిటైరైన టీచర్ని, మల్కనగిరి. నా లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ నొక్కుడు పడడం లేదు. గట్టిగా నొక్కినా టక్ మనదు. మూత కూడా సరిగ్గా మూసుకోవడం లేదు. కొత్త టచ్‌ప్యాడ్ తెప్పించమంటారా? పనిలో పని ర్యామ్ కూడా పెంచుదామనుకుంటున్నాను.

జవాబు: మాస్టారూ, ర్యామ్ మాట తర్వాత. ముందు చార్జర్ పీకేయండి, ఆఫ్ చేయండి. మీ టచ్‌ప్యాడ్‌కి ఏ రోగమూ లేదు. దాని కింద బ్యాటరీ ఉబ్బి పైకి తోస్తోంది, అందుకే నొక్కుడు పడడం లేదు, మూత పడడం లేదు. బల్ల మీద పెట్టి చూడండి, అడుగుభాగం ఊగుడు కుర్చీలా ఊగుతుంది. ఉబ్బిన లిథియం బ్యాటరీని మీరు విప్పొద్దు, స్క్రూడ్రైవర్‌తో అసలే పొడవొద్దు. చిల్లి పడితే మంటలొస్తాయి. గుడ్డలూ కాగితాలూ లేని చోట, నేల మీద ఉంచి, దగ్గరలోని మెకానిక్‌ని ఇంటికే పిలిపించి బ్యాటరీ తీయించండి. సంచిలో వేసుకుని బస్సెక్కి తేవొద్దు. తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకండి, కొత్తది కొన్న షాపుకే తిరిగి ఇవ్వండి. చాలా లాప్‌టాప్‌లు బ్యాటరీ లేకుండా చార్జర్ మీదే నడుస్తాయి, కొత్తది వచ్చేదాకా అలా గడుపుకోవచ్చు, కరెంటు పోతే మాత్రం రాసుకున్నది పోతుంది. టచ్‌ప్యాడ్ ఇప్పటికే ఆర్డరు పెట్టేసి ఉంటే రద్దు చేసేయండి.