మ్యాజిక్ పోటీల్లో ల్యాంటర్న్ డెక్‌నే నమ్ముకుని ఆడవచ్చా?

మీరు 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' అనే కార్డుల ఆటలో, మోడర్న్ అనే పోటీ విభాగంలో (ఫార్మాట్‌లో) ల్యాంటర్న్ కంట్రోల్ అనే డెక్ (కార్డుల కట్ట) ఆడుతున్నారు. మీతో ఆడేవాళ్ళు అది అసలు ఆటే కాదని ఎగతాళి చేస్తున్నారు. గెలవాలంటే అందరూ ఆడే డెక్‌కు మారాలా, లేక దీన్నే పట్టుకుని ఉండాలా అన్నది మీ ప్రశ్న. డాలస్ ప్రాంతంలో శుక్రవారం రాత్రుళ్ళు దుకాణంలో జరిగే చిన్న పోటీల్లోనూ, అప్పుడప్పుడు పెద్ద పోటీల్లోనూ నేను కొన్నేళ్ళుగా ఈ డెక్‌నే ఆడుతున్నాను కాబట్టి నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. మారనక్కర్లేదు. అయితే దీన్ని వదలకపోవడానికి మీరు చెప్పిన కారణం, అంటే ఎదుటివాళ్ళకు ఈ డెక్ పరిచయం లేదు కనుక తడబడతారన్నది, నాకు బలంగా కనిపించలేదు.

ఈ డెక్ గురించి తెలియని పాఠకుల కోసం కొంత వివరిస్తాను. సాధారణంగా మ్యాజిక్‌లో ప్రత్యర్థికి ఉన్న 20 లైఫ్‌ను సున్నాకు తీసుకురావడమే లక్ష్యం. ల్యాంటర్న్ కంట్రోల్ ఆ ప్రయత్నమే చేయదు. 2004లో ఫిఫ్త్ డాన్ సెట్‌లో వచ్చిన ల్యాంటర్న్ ఆఫ్ ఇన్‌సైట్ బల్ల మీద ఉంటే, ఇద్దరు ఆటగాళ్ళ లైబ్రరీల్లోనూ (కార్డులు తీసుకునే కట్టల్లోనూ) పై కార్డు అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలి. 2012 నాటి కోడెక్స్ ష్రెడర్, 2011 నాటి ఘూల్‌కాలర్స్ బెల్ వంటివి ఆ పై కార్డును గ్రేవ్‌యార్డ్‌లోకి, అంటే వాడేసిన కార్డుల కుప్పలోకి, తోసేస్తాయి. కాబట్టి ప్రత్యర్థి కార్డు తీసుకోబోయే ముందే అది మనకు కనబడుతుంది. అది అతని చేతికి అందాలో లేదో మనమే తేలుస్తాము. మూడు మానాల (మానా అంటే కార్డు వేయడానికి ఖర్చు పెట్టే శక్తి) ఎన్‌స్నేరింగ్ బ్రిడ్జ్ దిగాక, మన చేతిలో ఎన్ని కార్డులున్నాయో అంతకన్నా ఎక్కువ పవర్ (దాడి బలం) ఉన్న క్రీచర్ (దాడి చేసే జీవి కార్డు) ఏదీ దాడి చేయలేదు. చెయ్యి ఖాళీ చేసుకున్నామంటే ఎంత పెద్ద క్రీచరైనా నిలబడి చూడవలసిందే. చివరకు ప్రత్యర్థి లైబ్రరీ ఖాళీ అవుతుంది, కార్డు తీసుకోలేక అతను ఓడిపోతాడు. ఈలోగా మన లైబ్రరీ ఖాళీ కాకుండా అకాడమీ రూయిన్స్ అనే కార్డు, వాడిన ఆర్టిఫాక్టులను (ల్యాంటర్న్, ష్రెడర్, బ్రిడ్జ్ వంటి వస్తువుల కార్డులను) తిరిగి దాని పైకి చేరుస్తూ ఉంటుంది.

ఇందులో ఇంద్రజాలం ఏమీ లేదు, ఉన్నదంతా లెక్కే. ప్రత్యర్థి లైబ్రరీలో మనకు నిజంగా హాని చేయగలవి నాలుగింట ఒక వంతు కార్డులు అనుకుందాము. ష్రెడర్ లేకపోతే ప్రతి టర్న్‌కు అలాంటి కార్డు అతనికి అందే అవకాశం నాలుగింట ఒకటి. ఒక ష్రెడర్ ఉంటే వరుసగా రెండు కార్డులు హానికరమైనవి కావాలి కనుక అది దాదాపు పదహారింట ఒకటికి పడిపోతుంది. రెండుంటే అరవై నాలుగింట ఒకటి. అందుకే మూడో ష్రెడర్ దిగేసరికి ఆట ముగిసిపోయిందని మనకు తెలుస్తుంది, అయితే ప్రత్యర్థి ఆ సంగతి ఒప్పుకోవడానికి మరో పావుగంట పట్టవచ్చు.

ఇక ఆశ్చర్యపరచడం వల్లే ఈ డెక్ గెలుస్తుందన్న వాదన సంగతి. 2015 సెప్టెంబరులో జాక్ ఎల్సిక్ ఈ డెక్‌తో ఓక్లహోమా సిటీ గ్రాండ్ ప్రి అనే పెద్ద పోటీ గెలిచినప్పుడు ఆ మాటకు కొంత అర్థం ఉండేది, ఎందుకంటే అప్పటికి చాలామంది దీన్ని ఎదుర్కొని ఉండలేదు. కానీ 2018 ఫిబ్రవరిలో అర్జెంటీనాకు చెందిన లూయిస్ సాల్వట్టో స్పెయిన్‌లోని బిల్బావోలో జరిగిన ప్రో టూర్ అనే అగ్రశ్రేణి పోటీని ఇదే డెక్‌తో గెలిచేనాటికి, ఆ హాలులో ల్యాంటర్న్ అంటే తెలియని ఆటగాడు ఉండి ఉండడు. ప్రత్యర్థులకు డెక్ తెలుసు, దాని మీద వాడవలసిన సైడ్‌బోర్డు కార్డులూ (ఒక ఆటకూ మరో ఆటకూ మధ్య డెక్‌లోకి మార్చుకునే అదనపు కార్డులు) తెలుసు. తెలిసి కూడా గెలవలేకపోయారంటే, బలం మరెక్కడో ఉందన్నమాట.

నా అనుభవంలో ఆ బలం ఎదుటివాళ్ళ డెక్‌ల గురించి మనకు ఉండే జ్ఞానంలో ఉంది. మామూలు డెక్ ఆడేవాళ్ళు తమ 60 కార్డులను బాగా తెలుసుకుంటే ఒక స్థాయి వరకు నెట్టుకురాగలరు. ల్యాంటర్న్ ఆడేవాళ్ళు ఎదుటివాళ్ళ 60 కార్డులను వాళ్ళకన్నా బాగా తెలుసుకోవాలి, ఎందుకంటే ఏ కార్డు వెళ్ళనివ్వాలి, ఏది ఆపాలి అన్న ప్రశ్న ప్రతి టర్న్‌లోనూ ఎదురవుతుంది. ట్రాన్ అనే డెక్ ఆడేవాళ్ళ లైబ్రరీ మీద ఆరు పవర్ ఉన్న వర్మ్‌కాయిల్ ఇంజిన్ అనే క్రీచర్ కనబడగానే కొత్తవాళ్ళు కంగారుపడి దాన్ని మిల్ చేసేస్తారు, అంటే గ్రేవ్‌యార్డ్‌లోకి తోసేస్తారు. మన చేతిలో కార్డులు లేనప్పుడు బ్రిడ్జ్ వెనుక ఉన్న మనల్ని అది ఏమీ చేయలేదు. దాని కింద నుంచి ఆబ్లివియన్ స్టోన్ బయటపడితే మాత్రం మన ఆర్టిఫాక్టులన్నీ ఒక్కసారిగా పోతాయి. చౌక స్పెల్‌లతో నేరుగా లైఫ్‌ను తగ్గించే బర్న్ డెక్ మీద ఈ తేడా ఇంకా సున్నితంగా ఉంటుంది. అందులోని గాబ్లిన్ గైడ్ అనే క్రీచర్‌ను నిశ్చింతగా వెళ్ళనివ్వవచ్చు. అదే రెండు పవర్ ఉన్న ఐడలాన్ ఆఫ్ ది గ్రేట్ రెవల్ దాడి చేయలేకపోయినా, మూడు మానాలు లేదా అంతకన్నా తక్కువ ఖరీదున్న ప్రతి స్పెల్‌కూ దాన్ని వేసినవాళ్ళకు రెండు డ్యామేజ్ చేస్తుంది కనుక, దాదాపు అన్నీ చౌక కార్డులే ఉండే మన డెక్‌కు ప్రాణాంతకం. ఇవి ఎవరో రాసిన డెక్‌లిస్ట్ చూసి వారంలో నేర్చుకునే విషయాలు కావు. ఏళ్ళ తరబడి ఒకే డెక్‌ను ఆడినవాళ్ళకు దక్కేది ఇదే, పైగా ఈ జ్ఞానం రేపు మీరు వేరే డెక్ ఆడినా వృథా పోదు.

అయితే విధేయతకు మూల్యం కూడా ఉంది. 2019లో కార్న్ ది గ్రేట్ క్రియేటర్, కలెక్టర్ ఊఫ్, ఫోర్స్ ఆఫ్ విగర్ అనే, ఆర్టిఫాక్టులను దెబ్బతీసే కార్డులు వరుసగా వచ్చి ఆర్టిఫాక్టు డెక్‌లన్నింటి మీదా పడ్డాయి. 2020 జనవరిలో, మన డెక్‌లోనూ ఉండే, మానా ఇచ్చే ఆర్టిఫాక్టు మాక్స్ ఓపల్‌ను మోడర్న్‌లో నిషేధించారు. ఆ నిర్ణయానికి ప్రధాన కారణం వేరే డెక్‌లే అయినా దెబ్బ మనకూ తగిలింది. 2021లో వచ్చిన అర్జాస్ సాగా సున్నా లేదా ఒక మానా ఖరీదున్న ఆర్టిఫాక్టును లైబ్రరీ నుంచి వెతికి తెస్తుంది కనుక ల్యాంటర్న్‌కు చక్కగా అమరింది. ఓపల్ మీద నిషేధాన్ని 2024 డిసెంబరులో ఎత్తివేశారు. ఇంత జరిగినా ఇది నేటి మోడర్న్‌లో అగ్రశ్రేణి డెక్ కాదు. ఒక పెద్ద పోటీలో బహుమతి తెచ్చుకోవడమే మీ ఏకైక ఉద్దేశమైతే నేను దీన్ని సిఫారసు చేయను.

ఇది ఆటే కాదన్న ఫిర్యాదును నేను పూర్తిగా కొట్టిపారేయను. కాళ్ళూ చేతులూ కట్టేసినట్టు కూర్చోవడం ఎవరికీ సరదాగా ఉండదు. పోటీలో అది నిబంధనల ప్రకారం గెలిచే పద్ధతి కాబట్టి మీరు ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు గాని, ఇంట్లో స్నేహితులతో సరదాగా ఆడేటప్పుడు ఈ డెక్‌ను సంచిలోనే ఉంచడం మర్యాద. పోటీలో అసలు సమస్య గడియారం. ఒక రౌండ్‌కు 50 నిమిషాలు, ఆ తరువాత ఐదు అదనపు టర్న్‌లు. అప్పటికీ తేలకపోతే డ్రా, దానికి మూడు పాయింట్ల బదులు ఒక్కటే వస్తుంది. ప్రత్యర్థి ఓటమి ఒప్పుకుంటాడని నమ్ముకుని నింపాదిగా ఆడితే గెలిచిన ఆటలే డ్రాలుగా మారిపోతాయి. అతని అప్‌కీప్ (టర్న్‌లో కార్డు తీసుకోవడానికి ముందు దశ) వచ్చేలోపే, పై కార్డు ఏదైతే ఏం చేయాలో మీ నిర్ణయం తయారుగా ఉండాలి. న్యాయనిర్ణేత నెమ్మదిగా ఆడుతున్నారంటూ హెచ్చరిస్తే అది ముందుగా మీ వైపే చూసి చేస్తాడని గుర్తుంచుకోండి.

కాబట్టి మారాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి ముందు ఒక పని చేయండి. మీ దుకాణంలో ఎక్కువగా కనిపించే నాలుగైదు డెక్‌ల లిస్టులు తీసుకుని, బ్రిడ్జ్ ఉన్నప్పుడు ఒకసారి, లేనప్పుడు ఒకసారి, ప్రతి కార్డు పక్కన వెళ్ళనివ్వాలా ఆపాలా అని రాసుకోండి. ఈ పని విసుగు పుట్టిస్తే ఓపల్, బ్రిడ్జ్ వంటి కార్డులను అమ్మేసి వేరే డెక్ కొనుక్కోవడం మంచిది. విసుగు రాకపోతే ల్యాంటర్న్‌తోనే ఉండండి. ముందు బర్న్ లిస్టు తీసుకోండి. అందులో కార్డుల రకాలు తక్కువ, పొరపాటు చేస్తే దాని ఫలితం రెండు టర్న్‌లలోనే తెలిసిపోతుంది.