టెక్ సందేహాలు: హాఫ్ క్లచ్, ఫోన్‌లో ఆర్పీఎం, ఘాట్‌లో న్యూట్రల్

పాత పెట్రోల్ కారుతో డ్రైవింగ్ నేర్చుకుంటున్నాను. మైదానంలో బాగానే నడుపుతున్నా. అలిపిరి వైపు ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ముందు బండి ఆగిందంటే మాత్రం కారు వెనక్కి జారుతుంది, లేదా ఇంజిన్ ఆగిపోతుంది. కంప్యూటర్‌కు తగిలించే స్టీరింగ్, పెడల్స్ కొని ఇంట్లో సాధన చేయమంటున్నాడు మా అబ్బాయి. కొనవచ్చా?
- ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

అబ్బాయి ఆటల కోసమైతే కొనండి, మీ కోసమైతే వద్దు. లాజిటెక్ జీ29 లాంటి సెట్‌లో మూడు పెడల్స్ ఉంటాయి, స్టీరింగ్ రెండున్నర చుట్లు తిరుగుతుంది. గేర్ లివర్‌కు మళ్లీ విడిగా డబ్బు పెట్టాలి. కిందికి చూడకుండా గేర్లు మార్చడం దానితో అలవాటవుతుంది కానీ, మీకు కావలసిన హాఫ్ క్లచ్, అంటే క్లచ్ పెడల్‌ను సగం వదిలి సరిగ్గా అక్కడే నిలపడం, రాదు. ఆ పెడల్ కింద ఉన్నది ఉత్త స్ప్రింగు. కారులోనైతే క్లచ్ ప్లేటు ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రాన్ని (ఫ్లైవీల్) తాకగానే ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, సీటు సన్నగా అదురుతుంది. మీ కాలు గుర్తుపట్టవలసింది ఆ క్షణాన్నే. అది ఒక్కో కారులో ఒక్కో ఎత్తులో ఉంటుంది, ప్లేటు అరిగేకొద్దీ మారుతుంది కూడా.

అందుకే మళ్లీ మైదానానికే వెళ్లండి. మొదటి గేరులో, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, క్లచ్ ఒక్కటే మెల్లగా వదులుతూ కారును కదిలించండి. ఇంజెక్షన్ ఇంజిన్ (కంప్యూటర్ లెక్కతో ఇంధనం చిమ్మేది) అయితే ఇంజిన్ వేగం పడిపోతున్నట్టు కారులోని కంప్యూటరే పసిగట్టి ఇంధనం కాస్త పెంచుతుంది. ఇది కుదిరాక ఎత్తు మీద హ్యాండ్‌బ్రేక్ సాయం తీసుకోండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, మొదటి గేరులో కాస్త యాక్సిలరేటర్ ఇస్తూ, శబ్దం బరువెక్కేదాకా క్లచ్ వదలండి. కాలు అక్కడే నిలిపి హ్యాండ్‌బ్రేక్ దించండి. వాహనాలు కదిలేదాకా కారును హాఫ్ క్లచ్ మీదే నిలబెట్టే అలవాటు మాత్రం వద్దు, ప్లేటు కాలిన వాసన వస్తుంది. కొత్త కార్లలో ఉండే ‘హిల్ హోల్డ్’ అనే సదుపాయం, ఎత్తు మీద బ్రేకును రెండు సెకన్ల పాటు పట్టి ఉంచుతుంది. అది బ్రేకు వ్యవస్థలో భాగం, పాత కారుకు యాప్‌తో వచ్చేది కాదు.

మా కారులో ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో) చూపే మీటరు లేదు. ఓబీడీ పరికరం పెట్టి ఐఫోన్‌లో చూడవచ్చా?
- ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

చూడవచ్చు, నేర్చుకునేవారికి పనికొచ్చే పరికరం కూడా. ఇంజిన్ వివరాలు బయటికి అందించే ఓబీడీ సాకెట్‌కు దాన్ని తగిలించాలి. ఆ సాకెట్ సాధారణంగా స్టీరింగ్ కింద, డ్యాష్‌బోర్డు అడుగున ఉంటుంది. చవకగా దొరికే ఈఎల్ఎం327 బ్లూటూత్ రకాలు చాలావరకు ఆండ్రాయిడ్‌తోనే పనిచేస్తాయి. ఐఫోన్‌కు వైఫై రకం గానీ ‘బ్లూటూత్ లో-ఎనర్జీ’ (బీఎల్ఈ) రకం గానీ అడిగి తీసుకోండి. వేడెక్కిన పెట్రోల్ ఇంజిన్ ఖాళీగా తిరిగేటప్పుడు 700 నుంచి 900 మధ్య చూపిస్తుంది. క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఆ అంకె ఎలా కూలిపోతుందో చూస్తే, ఇంజిన్ ఎందుకు ఆగుతోందో తెలిసిపోతుంది. అయితే చూడవలసింది మీరు కాదు. ఎల్ బోర్డుతో నడిపేటప్పుడు లైసెన్సు ఉన్నవారు పక్కన ఉండి తీరాలి కదా, ఫోను వారి చేతికివ్వండి. కారు ఆపాక పరికరం తీసేయండి, ఆ సాకెట్‌కు బ్యాటరీ నుంచి ఎప్పుడూ విద్యుత్తు అందుతూనే ఉంటుంది.

ఆటోమేటిక్ కారుతో లైసెన్సు తీసుకుంటే మాన్యువల్ నడపవచ్చా?
- రేణిగుంట నుంచి

చట్టప్రకారం నడపవచ్చు. మన దగ్గర రెండింటికీ తేలికపాటి వాహనాల (ఎల్ఎంవీ) లైసెన్సే. క్లచ్ సంగతి మీరే చూసుకోవాలి. లెర్నర్ లైసెన్సు (ఎల్ఎల్ఆర్) ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజుల తర్వాత టెస్టుకు వెళ్లవచ్చు.

తిరుమల నుంచి దిగేటప్పుడు న్యూట్రల్‌లో వస్తే పెట్రోలు మిగులుతుందని మిత్రుడు అంటాడు. నిజమేనా?
- చంద్రగిరి నుంచి

కార్బురేటర్ల కాలం నాటి లెక్క అది. ఇంజెక్షన్ కారు గేరులో ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, కంప్యూటర్ పెట్రోలు ఆపేస్తుంది. న్యూట్రల్‌లోనైతే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి. కాబట్టి మిగిలేది లేదు, పైగా బరువంతా బ్రేకుల మీద పడుతుంది. దిగే దారి 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు, మలుపు వెంట మలుపు. వేడెక్కిన బ్రేకులు పట్టు తప్పుతాయి. రెండో గేరులో దిగండి. ఇంజినే ఆపేసి దిగుదామనే వారూ ఉన్నారు. అలా చేస్తే బ్రేకు రెండుమూడుసార్లు తొక్కేసరికి బూస్టర్‌లోని వాక్యూమ్ అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, పవర్ స్టీరింగ్ సాయమూ ఉండదు.