హార్డ్ డిస్క్‌కి స్టాటిక్ గండం

ప్రశ్న: మాది ఫోటో స్టూడియో. పెళ్లి వీడియోలు పెరిగిపోయి ఇంకో హార్డ్ డిస్క్ వేసుకోవాలనుకుంటున్నాం. ఏసీ గదిలో ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి తలుపు గడియ పట్టుకుంటే చురుక్కుమంటోంది. దీనివల్ల డిస్క్ పోతుందా? మేమే బిగించుకోవచ్చా?
- ఒక పాఠకుడు, కనిగిరి

జవాబు: బిగించుకోవచ్చు. ఆ చురుకు సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అది స్టాటిక్, అంటే రాపిడితో ఒంట్లో పేరుకునే నిలవ కరెంటు. అది కొట్టినట్టు మనిషికి తెలియాలంటే సుమారు 3,000 వోల్టులుండాలి. కొన్ని చిప్పులు 100 వోల్టుల లోపే దెబ్బతింటాయి. కాబట్టి 'నాకేం కొట్టలేదు కదా' అనుకోవడానికి లేదు.

తేమ 65 శాతం దాటిన గాలిలో కార్పెట్ మీద నడిస్తే ఒంట్లోకి 1,500 వోల్టుల దాకా ఎక్కుతుంది. అదే తేమ 20 శాతానికి పడిపోతే 35,000 దాకా వెళ్లొచ్చు. సముద్రం పక్కనే ఉన్నాం, మనకెందుకీ గొడవ అని ఒంగోలు, నెల్లూరు వాళ్లకి ఒక ధీమా. పడమటి గాలి కొట్టే మే నెల మధ్యాహ్నాల్లో అది చెల్లదు, మీ కనిగిరి, పొదిలి వైపు మరీను. పైగా ఏసీ గదిలో తేమని లాగేస్తుంది. 40-60 శాతం మధ్య ఉంటే మంచిది. డిస్క్ బిగించే రోజు ఏసీ ఆపి, నేల తడిగుడ్డతో తుడిపించి, నూలు చొక్కా వేసుకుని కూర్చోండి.

కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, వెనక ఎస్‌ఎంపీఎస్ (లోపలికి కరెంటు సరఫరా చేసే డబ్బా) స్విచ్, గోడ స్విచ్ రెండూ ఆపండి. ఎర్తింగ్ బాగుందనీ, స్విచ్ ఫేజ్ (కరెంటు వచ్చే తీగ) మీదే ఉందనీ పరీక్షించి ఉంటే త్రీ పిన్ ప్లగ్ గోడకే ఉంచొచ్చు, ఎర్త్ తీగ తెగదు. ఏ కాస్త అనుమానమున్నా పీకేయండి. అప్పుడూ నష్టం లేదు. మీరూ, క్యాబినెట్టూ, డిస్కూ ఒకే వోల్టేజీలో ఉండటమే కావాల్సింది.

రిస్ట్ స్ట్రాప్ (ఒంట్లోని ఛార్జిని దించే మణికట్టు పట్టీ) చర్మానికి ఆనేలా బిగించండి, చొక్కా చేతి మీద కాదు. క్లిప్పుని క్యాబినెట్‌లో రంగు లేని రేకుకి తగిలించండి. స్ట్రాప్ తీగలో 1 మెగాఓమ్ రెసిస్టర్ ఉంటుంది. ఛార్జి మెల్లగా దిగుతుంది, పొరపాటున 230 వోల్టులు తగిలినా 0.23 మిల్లీయాంపియర్‌కి మించి మీలోంచి పోదు. అందుకే స్ట్రాప్ దొరకలేదని ఉత్త రాగి తీగ మణికట్టుకి చుట్టుకోకూడదు.

డిస్క్‌ని అది వచ్చిన వెండి రంగు కవర్‌తో సహా ముందు క్యాబినెట్‌కి ఆనించి, ఆ తర్వాతే బయటికి తీయండి. పక్క అంచులే పట్టుకోండి. పవర్ కేబుల్ గుచ్చే చోటుని ఒకసారి లైటు కింద చూడండి. 15 బంగారు రంగు పిన్నుల్లో 4, 12 నంబర్లవి మిగతావాటికన్నా కాస్త ముందుకు ఉంటాయి. అవి గ్రౌండ్ పిన్నులు. కేబుల్ తోస్తుంటే మొదట అవే తగిలి ఛార్జిని దించేస్తాయి. వంకరగా తోస్తే ఆ ఏర్పాటంతా వృథా. థర్మోకోల్ ముక్క మీదో, క్యారీ బ్యాగు మీదో డిస్క్‌ని పెట్టొద్దు. వెండి రంగు కవర్ మీద పెట్టి కరెంటు ఇవ్వనూ వద్దు, అందులో లోహపు పొర ఉంటుంది.

స్టాటిక్ తగిలిన చిప్పు అప్పటికప్పుడే పోకుండా, కొన్నాళ్లు బాగానే నడిచి మొరాయించవచ్చు. అలాగని ప్రతి బ్యాడ్ సెక్టార్‌నీ (డిస్క్‌లో చదవడానికి వీలుకాని చోటు) స్టాటిక్ నెత్తిన రుద్దక్కర్లేదు. చేయి జారి కిందపడి పోయిన డిస్కులూ బోలెడు.

ప్రశ్న: డిస్క్ తిరుగుతున్నప్పుడు దానికదే ఛార్జి పుట్టదా?
- డిప్లొమా విద్యార్థిని, ఒంగోలు

జవాబు: పుడుతుంది. నిమిషానికి 5,400, 7,200 సార్లు తిరిగే పళ్లేలకి (డేటా ఉండే బిళ్లలు) లోపలి గాలి రాసుకుంటుంది, బేరింగులో నూనె పొర ఒరుసుకుంటుంది. మామూలు నూనె కరెంటుని పోనివ్వదు కనుక పుట్టిన ఛార్జి పళ్లేల మీదే ఉండిపోతుంది. వాటికి కొన్ని నానోమీటర్ల ఎత్తులోనే డేటా చదివి రాసే హెడ్ తేలుతుంటుంది కాబట్టి దెబ్బ దానికే తగులుతుంది.

బాల్ బేరింగుల కాలపు డిస్కుల్లో ఇరుసు కొసకి ఆనుతూ సన్నని స్ప్రింగ్ రేకు, దాని చివర కార్బన్ గుండీ ఉండేవి. ఛార్జి దిగే దారి అదే. గుండీ అరిగాక కీచుమని అరిచేది. కొందరు మెకానిక్‌లు ఆ రేకుని పక్కకి వంచేసేవాళ్లు. అరుపుతోపాటు ఎర్త్ దారీ పోయేది! ఇప్పటి ద్రవ బేరింగుల్లో కరెంటుని పోనిచ్చే రసాయనాన్ని నూనెలోనే కలుపుతారు. కాబట్టి మీరు చేయాల్సిందేమీ లేదు. మూత తీయకండి, నూనె చుక్క వేయకండి.

ప్రశ్న: సీపీయూ బాక్సు ముట్టుకుంటే జివ్వుమంటోంది. యూఎస్‌బీ డిస్క్ వైరుని దీని నుంచి టీవీకి మారుస్తుంటే చిన్న నిప్పురవ్వ కూడా వచ్చింది. స్టాటిక్కేనా?
- ఒక పాఠకురాలు, కావలి

జవాబు: కాదండీ. స్టాటిక్ ఒక్కసారి చురుక్కుమని ఊరుకుంటుంది. ముట్టుకున్నంతసేపూ జివ్వుమంటుంటే ముందు అనుమానించాల్సింది ఎర్త్‌ని. ఎస్‌ఎంపీఎస్‌లో ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు క్యాబినెట్‌కి కలిసి ఉంటాయి. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ 115 వోల్టుల దగ్గర నిలబడుతుంది. ఆ తేడా యూఎస్‌బీ వైరు మీదుగా డిస్క్ బోర్డులోకే దిగుతుంది.

ఎలక్ట్రీషియన్‌తో సాకెట్‌లో కొలిపించండి. ఫేజ్-ఎర్త్ మధ్య 230 దగ్గర, న్యూట్రల్-ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. కంప్యూటర్ నడుస్తున్నా న్యూట్రల్-ఎర్త్ కచ్చితంగా సున్నా చూపిస్తే సాకెట్ విప్పించండి. ఎర్త్ పిన్నుని న్యూట్రల్‌కి లంకె వేసేసిన ఇళ్లున్నాయి. న్యూట్రల్ ఎక్కడైనా తెగిందా, క్యాబినెట్ మీదకి మొత్తం 230 వచ్చేస్తుంది. ఎర్త్ కొత్తగా వేయిస్తే 40 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత ఇనుప) పైపు, 2.5 మీటర్ల పొడుగు, చుట్టూ బొగ్గూ ఉప్పూ. ఎండాకాలం ఆ గుంట ఎండకుండా నీళ్లు పోస్తుండండి.

ప్రశ్న: రొయ్యల చెరువుల లెక్కలున్న పాత డిస్కులు దాచాలి. గులాబీ రంగు కవర్లు చాలా?
- ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: చాలవు. గులాబీ కవర్ తాను ఛార్జి పుట్టించదు, అంతే. బయటి దెబ్బని ఆపదు. వెండి రంగు షీల్డింగ్ కవర్ కొనండి, చిరుగుంటే పారేయండి. ఉప్పుగాలి కనుక లోపల ఒక సిలికా జెల్ పొట్లం వేసి మూతి మడిచి అతికించండి.