మామగారి నోటు, రామాలయంలో ఆగిన డోలక్

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో చిన్న ఊరు. నా వయసు 34. మామగారు వ్యవసాయంతో పాటు వడ్డీకి అప్పులిస్తారు. 2023 జూన్‌లో మా వీధి కౌలు రైతుకు నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర ఇచ్చారు. ఆ డిసెంబర్‌లోనే మిచౌంగ్ తుపానుకు కోతకొచ్చిన వరి నీళ్లలో పడిపోయింది. అయినా ఇప్పటికి 90 వేలు వడ్డీ కట్టాడు. ఈ జూన్‌కి మూడేళ్లు నిండుతాయని, మిగిలిన వడ్డీ అసలులో కలిపి ప్రామిసరీ నోటు తిరగరాయమంటున్నారు. మరోపక్క రామాలయం ధ్వజస్తంభానికి రెండు లక్షలు ఇస్తానని ఒప్పుకున్నారు. శనివారం భజనలో డోలక్ వాయించే ఆ రైతు గుడికి రావడమే మానేశాడు. ఈ డబ్బుతో బతుకుతున్నందుకు పాపం తగులుతుందా? ఏం చేయను?

జవాబు: అమ్మా, డోలక్ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పట్నంలో బాకీ పడ్డవాడు ఇంకో వీధిలోంచి పోవచ్చు. మీ ఊళ్లో రామాలయం ఒక్కటే. బాకీదారు ఎదురుగా కూర్చుని ఎలా వాయిస్తాడు? భజనకు దరువు పోయింది, ఒక కుటుంబం గుడికి దూరమైంది.

ఆ ఇంటి అన్నం తిన్నందుకు మీకు పాపం అంటుతుందని నేననుకోను. మామగారి భక్తి దొంగదని కూడా అనుకోను. కౌలు రైతుకు బ్యాంకు అప్పు అంత తేలిగ్గా పుట్టదు. పాసుపుస్తకం ఉన్నవాళ్లకు పంట రుణం 7 శాతానికి, వేళకు కడితే 4 శాతానికే దొరుకుతుంది. ఆ పుస్తకం పొలం యజమాని బీరువాలో ఉంటుంది. 2019 చట్టంతో సాగుదారు కార్డులు వచ్చినా, యజమాని సంతకం పెడితేనే కార్డు. నాట్ల వేళ డబ్బు చేతిలో పెట్టింది మామగారే. మాట్లాడేటప్పుడు ముందు ఆ మాట ఒప్పుకోండి.

ఆ తర్వాత కాగితం మీద లెక్క వేయండి. నెలకు 4,500. మూడేళ్లకు 1,62,000, అంటే అసలును మించిపోయింది. కట్టిన 90 వేలు పోను మిగిలిన 72 వేలు కలిపి నోటు తిరగరాస్తే అసలు 2,22,000 అవుతుంది, నెల వడ్డీ 6,660. కౌలు కట్టి, ఎరువులు కొని, అంత ఏ దాళ్వా పంటలోంచి తీస్తాడు? మామగారికి ధర్మశాస్త్రం మీద గురి ఉంటే, ఒకేసారి తీసుకునే వడ్డీ అసలును దాటకూడదని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలోనే ఉందని చెప్పండి. అది అచ్చంగా ఈ లెక్కకు అతకదు కానీ, అప్పుకు ఒక హద్దు ఉండాలన్నది మన పెద్దల మాటేనని ఆయనకు అర్థమవుతుంది.

మీరు నేరుగా అడగొద్దు. కోడలు లెక్కలు అడిగిందంటే విషయం పక్కకు పోయి పరువు ముందుకొస్తుంది. అత్తగారితో మొదలుపెట్టండి. ఆ రైతు వచ్చినప్పుడల్లా మజ్జిగ ఇచ్చేది ఆవిడే అయితే, ఇదివరకు అరుగు మీద కూర్చునేవాడు ఇప్పుడు మెట్టు కింద నిలబడుతున్నాడా లేదా అన్నది ఆవిడకే బాగా తెలుస్తుంది. తర్వాత మీవారు తండ్రితో ఒంటరిగా మాట్లాడాలి. గుడి దగ్గరా వద్దు, నలుగురిలోనూ వద్దు. "ఇది పాపపు సొమ్ము" అన్న మాట మాత్రం ఎవరి నోటా రాకూడదు. ఆ ఒక్క మాటతో ఆయన బిగుసుకుపోతారు.

అడగాల్సింది ఇది: పాత వడ్డీ ఇక్కడితో ఆపి, లక్షన్నర అసలు మాత్రం పంట పంటకూ కొంత చొప్పున తీసుకోవాలి. నోటు మీద కోర్టుకు వెళ్లే మూడేళ్ల గడువు దాటిపోతుందన్న టెన్షన్ ఆయనకు అక్కర్లేదు. రైతు ఈలోగా కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. రైతు భార్య డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడ రూపాయి వడ్డీకి అటూఇటూగా అప్పు దొరకొచ్చు, దాంతో కొంత తీర్చొచ్చు.

ఆయన పూర్తిగా ఒప్పుకోకపోతే సగానికైనా దిగుతారేమో చూడండి. ధ్వజస్తంభానికి లక్షే ఇచ్చి, మిగతా లక్షలోంచి ఈ 72 వేలు వదిలేస్తే ఎలా ఉంటుందో మీవారిని అడిగి చూడమనండి. ఆయన కొంత తగ్గినా, ఆ కబురు మామగారే స్వయంగా వెళ్లి చెప్పాలి. వీలైతే శనివారం పొద్దున్నే వెళ్లమనండి. సాయంత్రం భజన ఉంటుంది కదా.