ఆవశ్యకమా, అత్యవసరమా?

సందేహం: పాఠ్యపుస్తకంలో ‘ఆవశ్యక అమైనో ఆమ్లాలు’ అని ఉంది. ఆరోగ్య వ్యాసాల్లో ‘అత్యవసర అమైనో ఆమ్లాలు’ అని కనిపిస్తోంది. రెండూ ఒకటేనా? ‘అనావశ్యక’ అంటే ఒంటికి అక్కర్లేనివనేనా? పిల్లలు అడుగుతున్నారు.
– ఒక సైన్స్ టీచర్

సమాధానం: ఒకటి కాదండి. ఇక్కడ ‘ఆవశ్యక’ అనే మాటే సరైనది.

అత్యవసరం అనగానే మనకు తోచేది తొందర. అత్యవసర చికిత్స, అత్యవసర సమావేశం, 1975 నాటి అత్యవసర పరిస్థితి, అన్నింట్లోనూ ‘ఇప్పుడే కావాలి’ అన్న అర్థం ఉంది. అమైనో ఆమ్లాలంటే ప్రోటీన్లను కూర్చే చిన్న అణువులు. వాటి విషయంలో ఆ టెన్షన్ లేదు. ఒక పూట తక్కువైతే ఏమీ కాదు.

‘ఆవశ్యకం’ సంగతి వేరు. వశ్యం అంటే మన వశంలో ఉండేది. అలా కానిది అవశ్యం, అంటే మన ఇష్టంతో పని లేకుండా జరిగి తీరాల్సింది. దాన్నుంచి పుట్టిందే ఆవశ్యకం. ఈ అర్థం ఎంత చక్కగా అతుకుతుందో థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం కథ చూస్తే తెలుస్తుంది.

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో విలియం కమింగ్ రోజ్ అనే జీవరసాయన శాస్త్రవేత్త ఉండేవారు. ఎలుకలకు ప్రోటీన్ మానిపించి, అప్పటికి తెలిసిన అమైనో ఆమ్లాలను శుద్ధి చేసి, కలిపి పెట్టారు. ఎలుకలు చిక్కిపోయాయి. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ చేర్చగానే మళ్లీ పెరిగాయి. అంటే ప్రోటీన్‌లో ఎవరికీ తెలియనిది ఇంకేదో ఉందన్నమాట. వెతగ్గా వెతగ్గా 1935లో, రక్తం గడ్డకట్టినప్పుడు ఏర్పడే ఫైబ్రిన్ నుంచి దాన్ని వేరుచేశారు. మన ప్రోటీన్లను కూర్చే ఇరవై అమైనో ఆమ్లాల్లో చివరగా దొరికింది అదే.

నాలుగు కార్బన్ల చిన్న అణువది. ఒక కార్బన్ మీద అమైనో సమూహం, పక్కదాని మీద హైడ్రాక్సిల్ సమూహం. రెండూ కైరల్ కార్బన్లే, అంటే నాలుగు వేర్వేరు సమూహాలు అతుక్కున్నవే కాబట్టి అవే పరమాణువులతో నాలుగు అమరికలు వీలవుతాయి. ప్రోటీన్లలో ఉండేది వాటిలో ఒక్కటే. ఆ అమరిక థ్రియోజ్ అనే చక్కెరను పోలి ఉండటంతో థ్రియోనిన్ అన్నారు. మొక్కలు దీన్ని ఆస్పార్టిక్ ఆమ్లం నుంచి చేసుకుంటాయి. అందుకు కావలసిన ఎంజైములు మనకు లేవు. తయారీ మన వశంలో లేదు, తిండిలో అందాల్సిందే. ‘ఆవశ్యక’ అనేది ఆ సంగతినే చెబుతుంది.

రోజ్ 1942 నుంచి విద్యార్థుల మీదా పరీక్షలు చేశారు. మొక్కజొన్న పిండిపదార్థం, చక్కెర, వెన్న కొవ్వు, విటమిన్లు, వాటితో పాటు శుద్ధ అమైనో ఆమ్లాలు, ఇదీ వాళ్ల భోజనం! పాపం, ఎలా తిన్నారో. పెద్దలకు ఎనిమిది ఆవశ్యకమని ఆయన తేల్చారు. తర్వాత హిస్టిడిన్ చేరి ఇప్పుడు తొమ్మిదయ్యాయి.

ఇక ‘అనావశ్యక’. న, ఆవశ్యక కలిసి అనావశ్యక అయింది. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. కానీ తెలుగు చెవికి అది ‘అనవసరం’ లాగే వినబడుతుంది, చిక్కంతా అక్కడే. గ్లైసిన్‌నే చూడండి. దాన్ని ఆ జాబితాలోనే వేస్తారు. చర్మానికీ ఎముకలకూ పట్టునిచ్చే కొల్లాజెన్‌లో మాత్రం దాదాపు ప్రతి మూడో అమైనో ఆమ్లం అదే! ఒళ్లే తయారుచేసుకుంటుంది కాబట్టి తిండిలో వెతుక్కోనక్కర్లేదు, అంతే. అందుకే పరీక్షలో ‘అనావశ్యక’ అని రాయించినా, పాఠం చెప్పేటప్పుడు ‘ఒంట్లో తయారయ్యేవి’, ‘తిండిలో అందాల్సినవి’ అనండి. పిల్లలు మళ్లీ పొరబడరు.