సోమవారం గ్రీవెన్సుకి వెళ్లే ముందు

చిరంజీవి అబ్బాయికి బాబాయి ఆశీస్సులు.

సోమవారం కలెక్టర్ గారు జనం అర్జీలు తీసుకునే గ్రీవెన్సులో ఇవ్వడానికి మీ ఊరివాళ్లు రాసిన అర్జీ చూశాను. ఇళ్ల స్థలాలూ అడవిపందులూ రెండూ ఒకే కాగితంలో ఎక్కించారు. గుంటూరు కలెక్టరేట్‌లో అర్జీ నమోదు చేసేవాళ్లు దాన్ని ఏదో ఒక శాఖకే పంపుతారు. తహసీల్దారుకి వెళ్తే పందుల సంగతి తమ పరిధి కాదంటారు, అటవీశాఖకి వెళ్తే స్థలాల గురించి అదే మాట రాసి మూసేస్తారు. రెండు అర్జీలు రాయించు, రెండు రసీదులు తీసుకో.

ముందు స్థలాలు. ఇప్పటి నిబంధన పల్లెలో 3 సెంట్లు, పట్టణంలో 2. సెంటుకి 48.4 గజాలు కాబట్టి మీవాళ్లు అడిగేది తలా 145 గజాలు. "పేదలకు ఇళ్లు ఇప్పించగలరు" అని రాస్తే "పరిశీలిస్తాం" అనే జవాబే వస్తుంది. ఎవరికి రాలేదు, ఎందుకు రాలేదు, ఊళ్లో భూమి ఏ సర్వే నంబరులో ఉంది, ఇవి మూడూ రాయాలి.

ఎందుకు రాలేదన్న దగ్గరే సగం అర్జీలు పోతాయి. పెళ్లయి వేరు కాపురం పెట్టిన కొడుకు పేరు తండ్రి బియ్యం కార్డులోనే ఉండిపోతుంది, ఎవరు ఏ ఇంటివాళ్లో రాసుకునే సచివాలయం మ్యాపింగులోనూ తండ్రి ఇంట్లోనే కనిపిస్తాడు. తండ్రికి ఇల్లుంటే కొడుకూ అనర్హుడైపోతాడు. ఇలాంటివాళ్ల చేత ముందు కార్డు విడగొట్టించు. అది సచివాలయంలో తేలాల్సిన పని, కలెక్టర్ గారి ముందు ఎంత మొత్తుకున్నా ఆ రోజు తేలదు. తర్వాత పొలం. మాగాణి రెండున్నర ఎకరాలో మెట్ట అయిదెకరాలో దాటితే రాదు. అన్నదమ్ములు పంచుకోని తాతగారి పొలం, ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే 1-బి రికార్డులో పెద్దవాడి ఒక్కడి పేరునే పడి ఉంటుంది. నలుగురిదీ నెత్తినేసుకుని అతను అనర్హుడవుతాడు. పంపకం చేసి, రికార్డులో పేర్లు మార్చే మ్యుటేషన్ చేయించుకోమను. ఇక ఇదివరకు ప్రభుత్వ పట్టా తీసుకుని అమ్ముకున్నవాళ్లుంటే మొహమాటపడకుండా జాబితాలోంచి తీసెయ్. అలాంటి పేరు ఒక్కటి దొరికినా మిగతా అందరినీ అనుమానంగా చూస్తారు.

సచివాలయంలో దరఖాస్తు ఎవరిది వాళ్లే ఇవ్వాలి. పట్టా ఆడవాళ్ల పేరునే ఇస్తారు కాబట్టి దరఖాస్తూ వాళ్ల పేరునే ఉండాలి. సామూహిక అర్జీకి ఒక పట్టిక జతచెయ్యి: పేరు, బియ్యం కార్డు నంబరు, ఆధార్ చివరి నాలుగంకెలు, సచివాలయంలో దరఖాస్తు ఇచ్చిన తేదీ, తిరస్కరిస్తే వాళ్లు చెప్పిన కారణం.

భూమి చూపించేటప్పుడు చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు జోలికి పోవద్దు. గ్రామ ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించమని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో చెప్పింది. అలాంటి చోట పట్టా ఇచ్చినా ఎవరో ఒకరు కోర్టుకెళ్తే ఇల్లు పునాదుల్లోనే ఆగిపోతుంది. పొలాల వివరాలుండే అడంగల్‌తో పాటు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూములుండే 22ఎ నిషేధిత జాబితా కూడా చూసుకుని, విస్తీర్ణంతో సహా సర్వే నంబరు రాయి. వానాకాలం మోకాటి లోతు నీళ్లు నిలిచే పల్లమైతే వద్దను. మెరక తోలడానికే మీ డబ్బు అయిపోతుంది.

కలెక్టర్ గారి ముందు మాట్లాడే సమయం చాలా తక్కువ. ఊరంతా వెళ్లినా ఒక్కరే మాట్లాడండి, ఒక్క కోరికే చెప్పండి.

ఇక పందులు. మా పట్టా పొలంలోకొచ్చిన పందిని మేం కొట్టుకుంటే తప్పేంటని కుర్రాళ్లు అంటున్నారట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పొలం ఎవరిదని చూడదు. ఉచ్చు పెట్టినా, విషం పెట్టినా వేట కిందికే వస్తుంది, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన వేటకి అనుమతి ఉన్నట్టు కాదు. పంటకి ప్రమాదమైనప్పుడు 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చినవారు గానీ కారణాలు చూపి రాతపూర్వకంగా అనుమతివ్వాలి. అది కలెక్టర్ గారి చేతిలో లేదు. అందుకని అర్జీలో "కాల్చడానికి పర్మిషన్" అని అడక్కండి. అటవీ, వ్యవసాయ శాఖలవాళ్లు కలిసి పొలానికొచ్చి నష్టం చూసి నివేదిక ఇవ్వాలని అడగండి. ఆ నివేదిక చేతికొచ్చాకే మిగతావి.

సాక్ష్యం ఎక్కువసేపు నిలవదు. మొక్కజొన్న పడగొట్టిన పొద్దున నీళ్లు పెట్టకముందే గిట్టల గుర్తులు, కొరికిన కండెలు, మోరతో తవ్విన మట్టి ఫోటోలు తీయించు. ఫోటోలో తేదీ, చోటు పడాలి. అదే రోజు రైతు సేవా కేంద్రంలో చెప్పించు.

కరెంటు తీగ మాత్రం ఎవరినీ పెట్టనివ్వకు. మోటారు స్టార్టరు నుంచి లాగిన తీగకి పంది కంటే ముందు రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లినవాడు బలవుతాడు. కంచె కావాలంటే సోలార్‌ది వేయించండి. అది ఆగి ఆగి చిన్న దెబ్బ కొడుతుంది, పట్టుకోదు. కింది తీగ నేలకి జానెడు ఎత్తులో ఉండాలి, అంతకంటే పైనుంటే పంది మోర దూర్చి దూరిపోతుంది. గడ్డి ఆ తీగకి తగిలితే షాకు నేలలోకి పోతుంది, వారానికోసారి కోయించాలి. ఎండాకాలం ఎర్తు కడ్డీ దగ్గర నీళ్లు పోయకపోతే కంచె ఉన్నా లేనట్టే.

అర్జీలో నీ సొంత ఫోన్ నంబరే ఇవ్వు, రాయించినవాడిది వద్దు. మెసేజీలు దానికే వస్తాయి. "పరిష్కరించబడింది" అని వస్తే సంతోషించే ముందు అధికారి జవాబు రాసిన ఎండార్స్‌మెంట్ కాగితం తెప్పించుకుని చదువు. పని కాకుండా మూసేసి ఉంటే అదే నంబరుతో మళ్లీ తెరిపించు. ఆ తర్వాత కూడా కదలకపోతే ఏ అధికారి ఏ తేదీన ఏం రాశారో ఫైలు నకలు ఇవ్వమని సమాచార హక్కు కింద అడుగు. ముప్పై రోజుల్లో ఇవ్వాలి, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకి ఫీజు లేదు.

ఆశీస్సులతో,
బాబాయి