సంచికలో పేరొచ్చింది, ఇక ఆ సాయంత్రం ఇంట్లో కూర్చోకు

ప్రశ్న: నమస్తే అక్కా. మాది ఖమ్మం. పెళ్లయి మావారితో చికాగో దగ్గర నేపర్‌విల్ వచ్చి ఏడాది కావస్తోంది. మావారి ఉద్యోగ వీసా మీద నాకు వచ్చిన హెచ్-4 వీసా. కవితలు రాస్తాను, ఇంకుతో బొమ్మలు వేస్తాను. ఇక్కడి ఒక చిన్న సాహిత్య పత్రికకి తెలుగు కవితా, దానికి నేనే చేసిన ఇంగ్లీషు అనువాదమూ, ఒక బొమ్మా పంపితే అన్నీ తీసుకున్నారు. రకరకాల దేశాల నుంచి వచ్చిన రచయితలూ చిత్రకారులూ ఉన్న సంచిక అది. విడుదల వేడుక శనివారం సాయంత్రం సిటీలో పెట్టారు. ఐదు నిమిషాలు చదవమన్నారు. మావారికి ఆ వీకెండ్ ఆన్‌కాల్ డ్యూటీ. ఒక్కదాన్నీ తెలియనివాళ్ల మధ్యకి వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది. పత్రిక ఎలాగూ పోస్టులో వస్తుంది కదా, వెళ్లకపోతే ఏమవుతుంది? ఇంకో సంగతి, పాతిక డాలర్లు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: వెళ్లమ్మా, తప్పకుండా వెళ్లు. చెల్లెలి వయసుదానివి కాబట్టి చనువుగా నువ్వు అంటున్నాను.

డబ్బు సంగతి ముందు తేల్చేస్తాను. హెచ్-4 మీద ఈఏడీ, అంటే పనిచేయడానికి ఇచ్చే అనుమతి కార్డు, లేకుండా పని చేసి సంపాదించకూడదు. కవిత అచ్చవడం వేరు, దానికి డబ్బు పుచ్చుకోవడం వేరు. పాతిక డాలర్ల కోసం వీసాతో పేచీ దేనికి? డబ్బు వద్దు, కాపీలు ఎక్కువ ఇవ్వండి అని ఎడిటర్‌కి మెయిల్ పెట్టు. వివరం కావాలంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడుగు, వీసాల సంగతి చూసే ప్రభుత్వ శాఖ యూఎస్‌సీఐఎస్ సైట్ చూడు.

నీ ఉత్తరంలో నాకు దిగులు పుట్టించింది "వెళ్లకపోతే ఏమవుతుంది" అన్న మాట. ఏమవుతుందో అనుభవించినదాన్ని కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపికగా చదువు.

నేను ఈ దేశం వచ్చింది తొంభైల చివర్లో. మావారు పొద్దున ఏడింటికి వెళ్తే చీకటి పడ్డాకే రావడం. ఉన్నది ఒక్క కారు, అది ఆయనతో పోయేది. ఇంటికి ఫోన్ చేయాలంటే కాలింగ్ కార్డు గీకి, నిమిషాలు చూసుకుంటూ మాట్లాడేవాళ్లం. నవంబరు వచ్చిందంటే నాలుగున్నరకే పొద్దుగూకేది. కిటికీ దగ్గర కూర్చుని పార్కింగ్ లాట్‌లో వచ్చే ప్రతి హెడ్‌లైటూ ఆయనదేనేమో అని చూసేదాన్ని. వాట్సాప్‌లో రోజూ అమ్మ మొహం చూసుకునే మీకు ఆ రోజులు చెప్పినా పూర్తిగా అందవు. ఒంటరితనం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ రోజుల్లో పేపర్లో కవితల పోటీ ప్రకటన ఒకటి చూశాను. ఎంట్రీ ఫీజు లేదన్నారు, పంపాను. కొన్నాళ్లకి మంచి కాగితం మీద ఉత్తరం వచ్చింది. మీ కవిత సెమీఫైనల్‌కి ఎంపికైంది, అట్టబైండు పుస్తకంలో వేస్తున్నాం, పుస్తకం వెల యాభై డాలర్ల పైచిలుకు, ఇంకాస్త కడితే మీ పరిచయం కూడా అచ్చువేస్తాం అని. ఆ ఉత్తరం పట్టుకుని ఎంత ఏడ్చానో, ఎంత సంతోషపడ్డానో. ఈ దేశంలో నా పేరు పెట్టి నన్ను పిలిచిన మొదటి కాగితం అది. నాకొకటి, అమ్మానాన్నలకొకటి కొన్నాను. పుస్తకం వచ్చింది. సన్నటి అక్షరాలతో పేజీకి ఐదారు కవితలు కుక్కి పెట్టారు. నేను టైపులో చేసిన తప్పు తప్పుగానే ఉంది, ఎవరూ కన్నెత్తి చూసిన జాడ లేదు. పంపినవాళ్లందరివీ వేశారు, వేసినవాళ్లందరికీ అమ్మారు. పోయిన డబ్బుకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే ఉంది. అంతమంది మనుషులున్న ఆ లావు పుస్తకంలో ఎవరూ ఎవరినీ చదవలేదు.

అలాంటివి ఈనాటికీ ఉన్నాయి, రూపం మార్చుకుని ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపిస్తాయి. నీ పత్రిక అది కాదని ఎలా తెలుస్తుందంటావా? నీ చేత పుస్తకం కొనిపించడం లేదు, తనే నీకు ఇస్తానంటోంది. అడుగు, వాళ్లు తిరగ్గొట్టిన కవితలు ఎన్నో ఉంటాయి. నీ అనువాదంలో ఫలానా పాదం సరిగ్గా రాలేదు, మార్చగలరా అని ఎడిటర్ ఒక్కసారి అడిగినా సరే, నిన్ను చదివినట్టే. పంపేటప్పుడు మూడు డాలర్ల దాకా రీడింగ్ ఫీజు అడిగితే మాత్రం భయపడకు. రచనలు ఆన్‌లైన్‌లో తీసుకునే సబ్మిటబుల్ లాంటి సైట్ల ఖర్చులకని చాలా మంచి పత్రికలు కూడా తీసుకుంటున్నాయి. ఫేస్‌బుక్‌లో పెట్టేసిన కవితని అచ్చయినదిగా లెక్కేసేవాళ్లు ఉంటారు, ఒకే కవితని నలుగురికి పంపితే ఒకరు తీసుకోగానే మిగతావాళ్లకి చెప్పాలి. ఇవన్నీ వాళ్ల గైడ్‌లైన్స్‌లో ఉంటాయి, చదువుకో.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ దెబ్బ తిన్నాక లైబ్రరీలో కూర్చుని అసలైన చిన్న పత్రికలు చదవడం మొదలుపెట్టాను. అప్పట్లో కవితతో పాటు, స్టాంపు అంటించి మన చిరునామా మనమే రాసిన కవరు పెట్టి పంపాలి. తిరస్కారం ఆ కవర్లోనే మన చేతిరాతతో మన ఇంటికి వచ్చేది. చాలా వచ్చాయి. చివరికి ఒక చిన్న పత్రిక తీసుకుంది. నీకు పిలుపు వచ్చినట్టే నాకూ వచ్చింది. వెళ్లలేదు. మంచు పడుతోందనుకున్నాను, కారు లేదనుకున్నాను, చీర కట్టుకుంటే వింతగా చూస్తారేమో, జీన్స్ వేసుకుంటే నాకే బాగుండదేమో, నా యాస వాళ్లకి అర్థం కాదేమో అనుకున్నాను. పత్రిక పోస్టులో వచ్చింది. నా పేజీ తీసి చూసుకుని, మావారికి చూపించి, అల్మారాలో పెట్టాను. ఎదురు పేజీలో లినోకట్ (లినోలియం పలక చెక్కి అచ్చువేసే) బొమ్మ ఒకటి ఉంది, బావి దగ్గర బకెట్టు పట్టుకుని నిలబడ్డ ముసలావిడ. వేసినవాళ్ల పేరు కూడా చూడలేదు.

ఏళ్లు గడిచాయి. మా ఊరి లైబ్రరీలో బొమ్మల ప్రదర్శన పెడితే పిల్లల్ని తీసుకుని వెళ్లాను. ఆ బావీ, ఆ ముసలావిడా గోడ మీద కనిపించారు. పక్కనే వేసినావిడ నిలబడి ఉంది, లిథువేనియా నుంచి వచ్చిన మనిషి. నా పేరు చెప్పగానే నా రెండు చేతులూ పట్టుకుంది. నా కవిత ఆవిడకి గుర్తుంది. ఆ రోజు మీరొస్తారని చివరిదాకా చూశాను, మీ కవితలోనూ బావి ఉంది కదా, మాట్లాడదామనుకున్నాను అంది. చికాగో దగ్గరి లెమాంట్‌లో మన గుడి ఉంది చూడు, అదే ఊళ్లో లిథువేనియన్ వరల్డ్ సెంటర్ కూడా ఉంది. మేం గుడికి వెళ్లే ఆదివారాలే ఆవిడా అక్కడికి వచ్చేదట. ఆ చలికాలాలన్నీ నేనొక కిటికీ దగ్గర, ఆవిడొక కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాం. మా కాగితాలు మాత్రం ఒకదానికొకటి ఎదురుగా పడి ఉన్నాయి. ఇప్పుడు ఆవిడ నాకు సొంత అక్కకంటే ఎక్కువ. ఆ పోయిన ఏళ్లు మాత్రం ఎవరిస్తారు?

అందుకే వెళ్లమంటున్నాను. ఏం జరుగుతుందో చెబుతాను, టెన్షన్ తగ్గుతుంది. పాత పుస్తకాల షాపు వెనక గదో, కాలేజీ హాలో, లైబ్రరీయో అయి ఉంటుంది. మడత కుర్చీలు వేస్తారు. గుమ్మం దగ్గర బల్ల మీద సంచికలు పేర్చి ఉంటాయి, పేర్లు రాసుకునే స్టిక్కర్లు ఉంటాయి. నీ పేరు మొత్తం తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసి అంటించుకో. పలకడానికి వీలుగా ఉంటుందని పేరు కత్తిరించుకోకు. చిత్రకారులు తమ బొమ్మల పక్కన నిలబడతారు, చూసేవాళ్లు వచ్చి అడుగుతారు. ఏ నిబ్‌తో వేశావో చెప్పు, ఏ కాగితమో చెప్పు, వాళ్లకి అవే కావాలి. చదివేటప్పుడు ముందు తెలుగు చదువు, తర్వాత ఇంగ్లీషు. నా ఇంగ్లీషు బాగుండదు అంటూ క్షమాపణతో మొదలుపెట్టకు. ఐదు నిమిషాలంటే ఐదు నిమిషాలే, ఇంట్లో ఫోన్‌లో టైమర్ పెట్టుకుని చదివి చూసుకో. కట్టుకునేది నీ ఇష్టం. నేనిప్పుడు నేత చీరే కడతాను, పైన మంచుకోటు వేసుకుంటాను.

ఇంకో మాట నువ్వు అడగలేదు కానీ నీ మనసులో ఉండే ఉంటుంది, మా దగ్గరికి వచ్చే ప్రతి పిల్లకీ ఉంటుంది. ఒక ఇండియన్ పేరు కావాలని నన్ను తీసుకున్నారేమో అని. నేను ఈ ఏళ్లలో నిలదొక్కుకుని, ఒక చిన్న పత్రికకి వచ్చిన రచనలు చదివే వలంటీరుగా కూడా ఉన్నాను, కాబట్టి తెలిసే చెబుతున్నాను. జీతం లేకుండా, ఉద్యోగాలయ్యాక రాత్రిళ్లు కూర్చుని చదువుతాం. కొన్ని చోట్ల పేరు తీసేసి ఇస్తారు, రాసింది ఎవరో తెలియదు. కొన్ని వందల కాపీలు వేయడానికే డబ్బు వెతుక్కునే పత్రికలో ఒక పేజీ ఊరికే ఇవ్వరు. అన్ని దేశాలవాళ్లనీ కావాలని పిలుస్తున్నారంటే, ఇన్నాళ్లూ రానివాళ్లు పంపుతారని పిలుస్తున్నారు, అందులో నీకు చిన్నతనం ఏమీ లేదు. అయితే ఒకటి. రేపెప్పుడైనా ఎవరైనా నీ దగ్గర మామిడిపళ్లూ, పట్టుచీరలూ, అమ్మమ్మ వంటలే అడిగితే సరేనని తల ఊపకు. మీ ఊరి మునేరు మీద రాసే హక్కు నీకెంత ఉందో, నేపర్‌విల్‌లో మంచు పారతో తోయడం మీద రాసే హక్కూ అంతే ఉంది.

ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకోకు. 1912లో హారియెట్ మన్రో అనే కవయిత్రి ఇదే చికాగోలో 'పొయెట్రీ' అనే పత్రిక పెట్టింది. ఐదేళ్లపాటు ఏడాదికి 50 డాలర్లు ఇచ్చేవాళ్లని వంద మందిని ఊళ్లో అడిగి కూడగట్టి మరీ మొదలుపెట్టింది. అదే ఏడాది చివర్లో రవీంద్రనాథ్ ఠాగూర్ మన ఇల్లినాయ్‌లోని అర్బానాలో ఉన్నారు, ఆయన కొడుకు రథీంద్రనాథ్ అక్కడి యూనివర్సిటీలో చదివినవాడు. డిసెంబరు సంచికలో ఠాగూర్ కవితలు ఆరు అచ్చయ్యాయి. లండన్ నుంచి ఎజ్రా పౌండ్ అనే అమెరికన్ కవి పంపించాడు. అప్పటికి నోబెల్ రాలేదు, అది 1913 నవంబరు మాట. అందరూ ఇంతవరకే చెబుతారు. నాకు నచ్చింది ఆ తర్వాతిది. కవితలు వేసి ఊరుకోలేదు వాళ్లు. ఆయన్ని చికాగో రప్పించారు, మన్రో స్నేహితురాలు హారియెట్ మూడీ తన ఇంట్లోనే ఉంచుకుంది. అంతటి మనిషికీ చలికాలంలో ఈ ఊళ్లో ఒక ఇల్లు దొరికింది ఆ పత్రిక వల్లే కదా.

మన తెలుగులోనూ ఉన్నాయి. అమెరికా తెలుగువాళ్లు 1998లో మొదలుపెట్టిన 'ఈమాట' ఇప్పటికీ నెట్‌లో వస్తోంది, దానికీ పంపు. సంఘాల పండుగలకీ వెళ్లు, అక్కడ పులిహోర దొరుకుతుంది, మన భాష వినిపిస్తుంది. కానీ మనవాళ్ల మధ్యనే తిరిగితే చాలనుకున్న ఆడపిల్లలు, పదేళ్ల తర్వాత పక్కింటివాళ్ల పేరు తెలియక, ఒంట్లో బాగాలేకపోతే తలుపు తట్టడానికి మనిషి లేక బాధపడటం చూశాను. రెండూ కావాలి.

వేడుక అయ్యాక ఇంటికొచ్చి సంచిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువు. నీకు నచ్చిన ఒకరిద్దరికి, ఎడిటర్ ద్వారా అయినా సరే, ఫలానా పాదం బాగుంది, ఫలానా గీత బాగుంది అని రెండు ముక్కలు రాయి. పుష్‌కార్ట్ ప్రైజ్ అని ఒకటుంది, 1976 నుంచీ వస్తోంది. చిన్న పత్రికల ఎడిటర్లు ఏటా ఆరేసి రచనలు దానికి ప్రతిపాదించవచ్చు. వస్తే రానీ, నువ్వు మాత్రం దానికోసం కూర్చోకు. జవాబు రాసిన మనిషి దొరికితే అది అంతకంటే పెద్ద సంగతి.

ఇక రావడం పోవడం. మీ ఊరి నుంచి మెట్రా లోకల్ రైలు, బీఎన్‌ఎస్‌ఎఫ్ లైన్, సిటీలోని యూనియన్ స్టేషన్ దాకా వస్తుంది. శనివారం రైళ్లు తక్కువ, తిరుగు రైలు టైము ముందే చూసుకో. ఎడిటర్‌కి ఇవాళే రాయి, ఒక్కదాన్నే వస్తున్నాను, తిరిగి వెళ్లేటప్పుడు నేపర్‌విల్ వైపు వెళ్లేవాళ్లెవరైనా ఉన్నారా అని. మొహమాటపడకు, ఇలాంటి చోట్ల ఎవరో ఒకరు దించుతారు. పగటిపూట ముందే బయల్దేరగలిగితే 61 వెస్ట్ సుపీరియర్ వీధిలో పొయెట్రీ ఫౌండేషన్ భవనం ఉంది, ఆ పత్రిక ఇప్పుడు అక్కడి నుంచే వస్తుంది. 2011లో కట్టారు. కవిత్వానికే ఒక లైబ్రరీ, ఎవరైనా వెళ్లి కూర్చుని చదువుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. అన్ని రోజులూ తీయరు, టైమింగ్స్ చూసుకుని వెళ్లు.